మిజ్ జాక్సన్: వక్త, సంబోధన, శ్రోత

కవి వేరు, కవితలో మాట్లాడే వక్త వేరు అని గత పాఠంలో చెప్పుకున్నాం. అలాగే వక్త ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నాడో ఆ వ్యక్తి వేరు, పక్కన నిలబడి వినే మనం వేరు. ఈ రెండు తేడాలనూ ఒకేసారి పరీక్షకు పెట్టే ఒక అమెరికన్ ర్యాప్ పాటను ఈ పాఠంలో పరిశీలిద్దాం. ర్యాప్ పాటకు సాహిత్య విమర్శలో చోటేమిటని కొందరు విద్యార్థులు అడగవచ్చు. క్షేత్రయ్య పదాలూ, స్త్రీల పాటలూ, బుర్రకథలూ పాఠ్యాంశాలు అయ్యాక ఆ ప్రశ్నకు పెద్దగా బలం లేదు.

నేపథ్యం

ఔట్‌కాస్ట్ జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాకు చెందిన బృందం. సభ్యులు ఇద్దరే: ఆండ్రే 3000, బిగ్ బోయ్. హైస్కూలు రోజుల్లో కలిసినవాళ్లు. వీరి మొదటి ఆల్బమ్ 1994లో వచ్చింది. ఆ కాలంలో హిప్ హాప్ అంటే ఒక ఒడ్డున న్యూయార్క్, ఇంకో ఒడ్డున లాస్ ఏంజెలిస్. దక్షిణాది యాసను ఆ రెండు కేంద్రాలూ చిన్నచూపు చూసేవి. 1995లో న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ అవార్డుల సభలో ఉత్తమ నూతన బృందంగా వీరి పేరు ప్రకటించగానే సభలో గేలి మొదలైంది. దక్షిణాదికీ చెప్పవలసిన మాట ఉందని ఆండ్రే ఆ వేదిక మీదే బదులిచ్చాడు. యాస కారణంగా చిన్నచూపుకు గురైన ప్రాంతాల వాళ్లకు ఈ ఘట్టం గురించి వేరే వివరించనక్కరలేదు. 2000లో వెలువడిన స్టాంకోనియా ఆల్బమ్‌లోని ‘మిజ్ జాక్సన్’ 2001 ఫిబ్రవరిలో బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 2002లో గ్రామీ పురస్కారం పొందింది.

ఎవరితో మాట్లాడుతున్నాడు?

పాటలోని సందర్భం సామాన్యమైనది. ఒక యువకుడికీ ఒక యువతికీ బిడ్డ పుట్టింది. పెళ్లి కాలేదు. ఇద్దరూ విడిపోయారు. అతడు మాట్లాడుతున్నది మాత్రం ఆ యువతితో కాదు, ఆమె తల్లితో. ఈ పాట కొత్తదనమంతా ఈ సంబోధనలోనే ఉంది. విడిపోయిన ప్రియురాలిని తలచుకునే పాటలు ఏ భాషలోనైనా కోకొల్లలు. ఆమె తల్లికి సంజాయిషీ చెప్పుకునే పాటలు ఎన్ని ఉన్నాయి?

ఆ తల్లిని తెలుగులో ఏమని పిలవాలో ఒక్కసారి ఆలోచించండి. అత్తగారు అందామంటే పెళ్లి లేదు. పిన్నిగారు అంటే అబద్ధంలా ఉంటుంది. బిడ్డకు ఆమె అమ్మమ్మ, సందేహం లేదు. బిడ్డ తండ్రికి మాత్రం ఆమె ఏమీ కాదు. బంధం ఉంది, దానికి వరుస లేదు. అందుకే వక్త ఇంటిపేరుకు ముందు గౌరవవాచకం చేర్చి పిలుస్తాడు. అమెరికా దక్షిణాదిలో పెద్దవయసు స్త్రీలను పిల్లలు పిలిచే మర్యాద అది. ఆ పిలుపులో వినయం ఉంది, గడప బయట నిలబడినవాడి దూరమూ ఉంది.

ఈ పాటకు ఆధారం కల్పన కాదు. ఆండ్రేకు, గాయని ఎరికా బాడూకు 1997లో కొడుకు పుట్టాడు, తరువాత వారు విడిపోయారు. జాక్సన్ అన్న ఇంటిపేరు మాత్రం కల్పితం. జీవితచరిత్రతోనే పాటను పూర్తిగా వివరించబోతే ఒక చిక్కు వస్తుంది: చరణాలు పాడేది ఒక్కడు కాదు.

ఇద్దరు వక్తలు

బిగ్ బోయ్ చరణాల్లో వినిపించేది కోపం. బడి ఫీజు, వైద్యం ఖర్చు తానే భరిస్తున్నానంటాడు. మనవడో మనవరాలో పసిబిడ్డే గాని నెలజీతం కాదని ఎత్తిపొడుస్తాడు. తన ఇంట్లో కరెంటు తీయించేస్తానని బెదిరిస్తాడు. ఆండ్రే చరణం మెత్తనిది. బిడ్డ బడిలో చేరే రోజున, పట్టా అందుకునే రోజున తాను అక్కడ ఉంటానని మాట ఇస్తాడు. ప్రేమ నిలవకపోవడాన్ని వాతావరణంతో పోలుస్తాడు: వనభోజనాలకు ఏర్పాట్లు మన చేతిలో ఉంటాయి, వాన మన చేతిలో ఉండదు. పోలిక అందంగా ఉంది. అయితే తప్పును ఆకాశం మీదికి నెట్టడానికీ అది బాగా పనికివస్తుంది.

పల్లవిలోని క్షమాపణను ఈ దృష్టితో మళ్లీ వినండి. అమ్మాయిని ఏడిపించాలని తాను అనుకోలేదంటాడు, లక్ష కోట్ల సార్లు క్షమించమంటాడు. ఉద్దేశం లేదనడం తప్పు ఒప్పుకోవడం కాదు. ఏం చేశాడో పాట ఎక్కడా చెప్పదు. అంత పెద్ద అంకె అవసరమైందంటే, ఒక్కసారి చెబితే తలుపు తెరుచుకోదని వక్తకు తెలుసన్నమాట. నా దృష్టిలో పాటకు బలమంతా ఇక్కడే ఉంది. కోపాన్నీ పశ్చాత్తాపాన్నీ రాజీ చేయకుండా, రెంటినీ ఒకే పల్లవికి కట్టివేశారు. అలా విడిపోయిన మనిషి ఒకే పూటలో ఈ రెండు గొంతులతోనూ మాట్లాడతాడు.

ఈ పాట వచ్చిన కాలమూ గమనించదగినది. నల్లజాతి కుటుంబాల్లో తండ్రి లేకపోవడమే వారి కష్టాలకు మూలమన్న వాదం 1965 నాటి మొయినిహాన్ నివేదిక నుంచి అమెరికాలో నడుస్తోంది. పేదరికానికి పేదలనే బాధ్యులను చేస్తున్నారని దాన్ని ఖండించినవారూ ఉన్నారు. 1996 నాటి సంక్షేమ చట్టం తండ్రుల నుంచి పిల్లల పోషణ ఖర్చు వసూలు చేయడాన్ని ఇంకా కట్టుదిట్టం చేసింది. ఇన్నాళ్లూ నివేదికల్లో అంకెగా ఉన్న తండ్రి ఈ పాటలో నోరు విప్పాడు.

కాని నోరు విప్పింది తండ్రి ఒక్కడే. బిడ్డ తల్లి ఈ పాటలో ఏడుస్తుంది, నిందపడుతుంది, ఒక్క మాట కూడా మాట్లాడదు. ఇది చిన్న లోపం కాదు. ఆండ్రే చరణం తనకు నచ్చిందని, బిగ్ బోయ్ చరణం మాత్రం మానని గాయాన్ని తాకిందని బాడూ తరువాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. విమర్శకుల కన్నా సూటిగా ఆమె పాటను రెండుగా చీల్చి చూపింది. ఇక ఆమె తల్లి? ‘మిజ్ జాక్సన్’ అని రాసిన నంబరు ప్లేటు కొనుక్కుందట.

నాదం చెప్పే మాట

పాటలో డ్రమ్ముల ధ్వని వెనక్కి తిప్పి వినిపించినట్టు ఉంటుంది. జరిగినదాన్ని వెనక్కి తిప్పాలనుకునే వక్తకు అది తగిన తోడు. మధ్యలో పియానో మీద వాగ్నర్ పెళ్లిపాట వరుస వినిపిస్తుంది. పాశ్చాత్య వివాహాల్లో వధువు నడిచి వచ్చేటప్పుడు వాయించేది అదే. పెళ్లే జరగని కథలో పెళ్లి బాణీ! మాటల్లో ఎక్కడా చెప్పని సంగతిని బాణీ చెప్పేసింది. మన ఆలంకారికులు ధ్వని అన్నది ఇలాంటి చోటనే. అనువాదంలో పాట సాహిత్యం మాత్రమే చదివినవారికి ఇది దక్కదు. కనుక విద్యార్థులు పాటను తప్పనిసరిగా విన్న తరువాతే కింది అభ్యాసానికి పూనుకోవాలి.

అభ్యాసం: ఈ పాటకు బిడ్డ తల్లి బదులిస్తే ఆమె ఎవరిని సంబోధిస్తుంది? అతడినా, తన తల్లినా, బిడ్డనా? ఒకరిని ఎంచుకోండి. ఆ ఎంపిక వల్ల వక్త స్వరం ఎలా మారుతుందో ఒక పుటలో వివరించండి.