రెండు భీమవరాలు

మాది పశ్చిమ గోదావరి భీమవరం. ఇంటర్ చదివే రోజుల్లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ పట్టుకున్నాను. కథ భీమవరం చేరేసరికి నాకు పట్టరాని గర్వం. తెలుగులో తొలి నవలల్లో ఒకటి, అందులో మా ఊరు! రాజశేఖరుడి సంసారాన్ని గునుపూడి సోమేశ్వరస్వామి గుడి వీధిలో కాపురం పెట్టించాను. ఆయన కూతురు సీతకి నీళ్లు తోడుకోడానికి మా మేనత్త పెరట్లో నుయ్యి కూడా ఇచ్చాను. ధవళేశ్వరం నుంచి కాశీకని బయల్దేరినవాళ్లు గోదావరి దాటి పడమటికెందుకు వచ్చారన్న అనుమానం రావలసింది. రాలేదు.

నాలుగేళ్ల తర్వాత కార్తీకమాసంలో అమ్మను తీసుకుని పంచారామాల బస్సెక్కాను. సామర్లకోట కుమారారామంలో పై అంతస్తు దాకా లేచిన శివలింగానికి దండం పెట్టుకుని బయటికొచ్చాం. చెప్పుల దగ్గర కూర్చున్న పెద్దాయన “ఏ ఊరండీ?” అన్నాడు. చెప్పాను. “ఇదీ భీమవరమేనండీ బాబూ” అని నవ్వాడు. చాళుక్య భీముడి పేరు మోస్తున్న ఊళ్లు రెండు. రెండింట్లోనూ పంచారామమే. వీరేశలింగం గారి భీమవరం ఇది, పెద్దాపురానికి కూతవేటు దూరంలో ఉన్నది. ఆ రోజు బస్సులో ప్రసాదం కూడా సరిగ్గా తినలేదు నేను. అమ్మ కడుపునొప్పేమో అనుకుంది.

ఇంటికొచ్చి నవల మళ్లీ మొదటినుంచి చదివాను. ఈసారి పక్కన జిల్లా పటం పెట్టుకున్నాను. అప్పటికి గాని గోదావరి రచయితల పనితనం నాకు తెలిసిరాలేదు.

వీరేశలింగం ధవళేశ్వరాన్ని ఊహించి రాయలేదు. అక్కడి బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాడు. ‘వివేకవర్ధని’ని 1874లో మొదలుపెట్టింది అక్కడున్నప్పుడే. నవల 1878 నుంచి ఆ పత్రికలో వచ్చింది, 1880లో పుస్తకమైంది. ఎత్తుగడ పాతకాలపు పురవర్ణనే: నది, కొండ, కొండమీద జనార్దనస్వామి గుడి. భాష గ్రాంథికం, వాక్యం పొడవు. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఒకటి ఆయనకు ప్రేరణ అన్నదీ అందరికీ తెలిసిందే. కానీ ధవళేశ్వరం వెళ్లి, ఎండ చల్లబడ్డాక ఆ కొండ మెట్లెక్కి కిందికి చూస్తే ఒక సంగతి తడుతుంది. కళ్లెదుట అడ్డంగా పరుచుకుని ఉండేది బ్యారేజి. అది నవలలో లేదు. మనం దాటే బ్యారేజి 1982 నాటిదే, నిజమే. కానీ దానికి ముందు అక్కడున్న కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852కల్లా పూర్తయింది. వీరేశలింగం పుట్టింది 1848లో. అంటే ఆయన ధవళేశ్వరంలో పాఠాలు చెప్పేనాటికి ఆనకట్ట వయసు పాతికేళ్లకు కాస్త తక్కువ. ఆ ఊళ్లో అంతకు మించి కంటికి ఆనేది ఏముంటుంది? కథ జమీందారుల పాతకాలానిది కాబట్టి దాన్ని చెరిపేశాడు. ఆనకట్టకు రాయి తవ్వింది కూడా ఆ ఊరి కొండల్లోంచే. పలుగు పడ్డ కొండను చూస్తూ, పడకముందరి కొండను కట్టుకున్నాడన్నమాట. నవలాకారుడు ఊరిని చూసే పద్ధతి ఇది. చూసి రాయడం అందులో సగం, చూస్తూ కూడా రాయకపోవడం మిగతా సగం.

రెండో పని దారితో చేయించాడు. బంగారం చేస్తానన్న దొంగ యోగిని నమ్మి, పొగిడినవాళ్లకు పెట్టి, రాజశేఖరుడు ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. ఇది ఏటిగట్టున జరుగుతుంది. ఊరు విడిచి రాజమహేంద్రవరం దాటాక దొంగలు, దెబ్బలు. దారిలో కలిసిన రామరాజు చివరికి పెద్దాపురం ప్రభువు కృష్ణజగపతి అని తేలుతుంది. రాజమండ్రి నుంచి పెద్దాపురం వైపు నేను మూడుసార్లు వెళ్లాను. రాజానగరం వచ్చేసరికి కాలవలుండవు. ఎర్రమట్టి, తాటిచెట్లు, జీడిమామిడి, కర్రపెండలం. మాగాణి మనిషి ఆ మెట్టలో నీడ కోసం వెతుక్కోవలసిందే. ఆ సంసారానికి బాటలో దిక్కులేనితనం ఎందుకొచ్చిందో పుస్తకం చెప్పనక్కర్లేదు, బస్సు కిటికీ చెబుతుంది.

తర్వాతివాళ్లు ఈ విద్యను తలో వైపుకీ లాక్కెళ్లారు. అడివి బాపిరాజు చిత్రకారుడు, ‘నారాయణరావు’లో కోనసీమ రంగులతో వస్తుంది. వంశీ పసలపూడి కథలు ఊళ్ల పేర్లమీద, రేవులమీద, వంటలమీద నడుస్తాయి. ‘స్వాతి’లో బాపు బొమ్మలతో వస్తున్నప్పుడు మా ఇంట్లో పత్రిక కోసం కొట్లాటే. అయినా కొన్ని కథల్లో తినుబండారాల వరస మనిషిని మింగేస్తుందని నా ఫిర్యాదు.

నా మటుకు నాకు అందరిలోకీ పెద్దవాడు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి. పొలమూరులో 1891లో పుట్టాడు. ఆయన కథల్లో కొబ్బరిచెట్ల వర్ణన కోసం వెతికితే చేతికేమీ తగలదు. ఊరంతా మాటల్లో ఉంటుంది. ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తారు, కోపంలో ఏ అక్షరం సాగదీస్తారు, పెట్టనని చెప్పకుండా లేదని ఎలా అంటారు, అదీ ఆయన స్థలవర్ణన. ‘వడ్లగింజలు’లో పెద్దాపురం సంస్థానం ఉంది. కోట ఎంత ఎత్తో నాకు గుర్తులేదు. అక్కడి మనుషుల మాటలోని దర్పం మాత్రం గుర్తుంది. ఒకసారి పెద్దాపురం హోటల్లో ఇద్దరు ముసలివాళ్లు బిల్లు నేనిస్తానంటే నేనిస్తానని వాదించుకుంటుంటే విన్నాను. మర్యాదా, ఎత్తిపొడుపూ ఒకే వాక్యంలో. టిఫిను చల్లారిపోయినా లేవలేదు. శ్రీపాదవారి పేజీలోంచి దిగొచ్చినట్టున్నారు. వీరేశలింగంతో వెళ్లాలంటే పటం కావాలి. శ్రీపాదతో వెళ్లాలంటే చెవులుంటే చాలు. ఊళ్లు మారిపోయినా ఆ దారి ఇంకా చెడలేదు.

మా ఊరు నవలలో లేదని తెలిశాక కూడా ఆ పుస్తకం తెరిస్తే సీత మా మేనత్త నూతి దగ్గరే కనిపిస్తుంది. దాన్ని మార్చడం నా వల్ల కాలేదు, ఇప్పుడు ప్రయత్నించడం కూడా మానేశాను. సామర్లకోట భీమవరంవాళ్లు మన్నించాలి.

మీరు వెళ్లదలిస్తే ఒక్క మాట. రాజమండ్రి నుంచి సామర్లకోటకి రైలు సుఖమే. కానీ అది కడియం, ద్వారపూడి, అనపర్తి చేలమీదుగా పోతుంది. ఆ పచ్చదనం వంశీది. రాజశేఖరుడి దారి కావాలంటే రాజానగరం, రంగంపేట మీదుగా పెద్దాపురం వెళ్లే బస్సెక్కండి. కిటికీ పక్కన కూర్చోండి, ఎండైనా సరే.