ఉప్పు రోడ్ల మీద వెనక బ్రేకులు

మిషిగన్‌లో బండికి ఏటా చేయించాల్సిన తనిఖీ అంటూ ఏదీ లేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు బ్రేకులు చూసి సరేనంటేనే బండిని రోడ్డెక్కనిస్తాయి. ఇక్కడ ఆ అడ్డు లేదు. మూడు టన్నుల దాకా తూగే పికప్, దాని వెనక ట్రైలర్, ట్రైలర్‌లో ఉగాది వంటలకు గుండిగలు, ఒక జనరేటర్. ఇంత బరువుతో నేను హైవే ఎక్కితే, ముందు కారులో వెళ్తున్న కుటుంబానికి నా బండి సమయానికి ఆగుతుందని పూచీ పడేవాణ్ని నేనొక్కణ్నే. మా ఎఫ్-250 వెనక బ్రేకులు ఇంటి ముందే మార్చుకోవడానికి కారణం అదే. డబ్బు మిగలడం ఆ తర్వాతి మాట.

మా వైపు బ్రేకులకు అరుగుదల కన్నా ఉప్పు పెద్ద శత్రువు. డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. ఆ ఉప్పును చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లుతారు. కార్ల ఊరు తన కాళ్ల కింది ఉప్పుతోనే తన కార్లను తుప్పు పట్టిస్తోందన్నమాట. చక్రాలు లేపిన ఆ బురదంతా ప్యాడ్లను నొక్కే వెనక క్యాలిపర్లకు పట్టేస్తుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఖాళీ పికప్‌లో వెనక బ్రేకులకు పని తక్కువ. పని లేని చోట తుప్పు స్థిరపడుతుంది. బరువు వేసి, ట్రైలర్ తగిలించిన రోజున వాటితో నిజంగా అవసరం పడుతుంది.

జాకీ పెట్టేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. గేరు పార్క్‌లో ఉంటే బండి కదలదని చాలామంది నమ్మకం. ఈ పికప్‌లో పార్క్ పట్టుకునేది వెనక చక్రాలనే. ఒక వెనక చక్రం గాల్లోకి లేచిందంటే, డిఫరెన్షియల్ వల్ల నేల మీదున్న రెండోది దొర్లిపోగలదు. పార్కింగ్ బ్రేకు కూడా వెనక చక్రాలదే, పైగా ప్యాడ్లు పట్టుకునే పళ్లెం, అంటే రోటర్, ఊడి రావాలంటే దాన్ని వదిలే ఉంచాలి. అంటే బండిని ఆపి ఉంచేవి ముందు చక్రాలకు అటూ ఇటూ పెట్టిన దిమ్మెలు మాత్రమే. మన ఘాట్ రోడ్లలో లారీ ఆగీ ఆగగానే క్లీనర్ కిందకు దూకి చక్రం వెనక రాయి పెడతాడు. అనుభవం నేర్పిన పని అది. జాకీ ఉన్నది ఎత్తడానికే. బరువు మోయాల్సింది స్టాండ్లు.

పాత ప్యాడ్లు తీసి కొత్తవి పెట్టడం నిజానికి పావుగంట పని. బ్రేకు మన్నేదీ మన్ననిదీ దాని చుట్టూ చేసే శుభ్రంలో తేలుతుంది. ముందు పాత ప్యాడ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. లోపలిది బాగా అరిగి బయటిది మిగిలి ఉంటే, క్యాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు పట్టేశాయని అనుమానించాలి. ప్యాడ్ ఒక కొస పలచగా, మరో కొస మందంగా ఉంటే అది తన గాడిలో ఇరుక్కుని వాలుగా అరిగింది. ఆ గాడిలో స్టీలు క్లిప్పు కింద తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి క్లిప్పును పైకి తోస్తుంది. కొత్త క్లిప్పు వేస్తే చాలదు, కింద లోహం మెరిసేదాకా వైర్ బ్రష్‌తో గీకాలి. పిన్నులు తుడిచి సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. హబ్ ముఖం మీది తుప్పునూ వదలకూడదు. అది మిగిలితే కొత్త రోటర్ కూడా సమంగా కూర్చోదు, కొన్నాళ్లకు పెడల్ పాదం కింద అదురుతుంది. షాపుల్లో చాలాచోట్ల మెకానిక్‌కు ఒక్కో పనికీ ఇంత సమయమని ముందే కట్టిన లెక్క ప్రకారం కూలి వస్తుంది. గాడి గీకుతూ కూర్చునే తీరిక ఆ లెక్కలో ఇమడదు. సొంత బండి దగ్గర మనకు ఆ తీరిక ఉంటుంది, దాన్ని వాడుకోవాలి.

క్యాలిపర్‌ను బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో కట్టి ఉంచండి. దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకండి. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఇప్పటి దుమ్ము కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

బ్రేకు ఆయిల్‌ను చాలామంది మరిచేపోతారు. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ప్రమాణం అడిగేది 140 డిగ్రీలే. పెద్ద దిగుడులో బరువుతో వస్తుంటే ఆయిల్ మరిగి బుడగలు లేస్తాయి, పెడల్ మెత్తగా కిందకు పోతుంది. అందుకే ప్యాడ్లతో పాటు ఆయిలూ మారుస్తాను. దానికి ఇద్దరు కావాలి. మా అమ్మాయికి కొత్తగా లైసెన్సు వచ్చింది, సీట్లో తనే కూర్చుంటుంది.

“తొక్కమ్మా. అలాగే పట్టుకో.”

“కిందకి పోయింది నాన్నా!”

“పోనీ, వదలకు. నేను బిగించాను అన్నాకే వదులు.”

చక్రం దగ్గర పాత ఆయిల్ వదిలే మరను నేను బిగించకముందే పెడల్ వదిలితే గొట్టంలోకి గాలి వెనక్కు పీల్చుకుంటుంది. బండి నడిపే ప్రతి పిల్లా పిల్లాడూ ఒక్కసారైనా ఆ సీట్లో కూర్చుని పెడల్‌కూ చక్రానికీ మధ్య ఏం జరుగుతుందో తెలుసుకోవాలని నా కోరిక.

అంతా అయ్యాక బండిని కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. కొత్త ప్యాడ్లు పట్టడానికి క్యాలిపర్‌లో వెనక్కు నెట్టిన పిస్టన్లు ప్యాడ్లను మళ్లీ తాకేదాకా ఆ బండికి బ్రేకు లేనట్టే. చక్రం ఎనిమిది నట్లనూ ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో, మీ బండి పుస్తకంలో ఉన్న మేరకే బిగించండి. మా బండికి అది 165 పౌండ్-అడుగులు. వంద మైళ్లు తిరిగేలోపు ఆ నట్లను ఇంకోసారి అదే రెంచ్‌తో సరిచూడండి.