తెలిసి చేసిన పాపం

షేక్స్పియర్ మహాకవి ‘మాక్బెత్’ నాటకాన్ని భారతీయ భాషలోనికి తెచ్చే అనువాదకునికి మొదటి చిక్కు దానికి మూలమైన మనోవికారానికి పేరు పెట్టడంలోనే ఎదురవుతుంది. హిందీలో ‘మహత్త్వాకాంక్ష’ అంటారు. ఆ మాటలో గౌరవమున్నది. గొప్పతనాన్ని కోరడం తప్పు కాదన్న ధ్వని ఉన్నది. తెలుగు ‘దురాశ’లోనో తీర్పు ముందే వెలువడినది, దుఃఖానికి చేటన్న సామెత దాని వెన్నంటే వస్తుంది. రణరంగం నుండి విజయియై మరలివచ్చే సేనానికి మొదటి మాట తగును. డంకన్ రాజు అతని కోటలో నిద్రించిన రాత్రి తెల్లవారేసరికి రెండవ మాట కూడ చాలదు.

చరిత్రలో మాక్బెత్ 1040 నుండి 1057 వరకు స్కాట్లండును పాలించినాడు. కవికి ఆధారమైన హోలిన్‌షెడ్ చరిత్రగ్రంథంలో డంకన్ పాలనలో మెత్తనివాడు; బాంకో కుట్రలో భాగస్వామి; మాక్బెత్ సింహాసనమెక్కి కొన్నేళ్ళు చక్కగానే రాజ్యమేలినాడు. 1606 ప్రాంతంలో నాటకం వ్రాస్తూ షేక్స్పియర్ ఈ సాకులన్నిటినీ తుడిచివేసినాడు. డంకన్‌ను సాధువుగా తీర్చినాడు. అతిథియై వచ్చిన రాజును ఇంటివాడే చంపించే ఘట్టాన్ని అదే గ్రంథంలోని మరొక రాజు కథనుండి తెచ్చి ఇక్కడ అతికించినాడు. బాంకోను నిర్దోషిని చేసినది అతని వంశజుడనిపించుకొన్న జేమ్స్ రాజు మెప్పుకొరకే అనేవారున్నారు. కావచ్చును. కాని దానివలన నాటకానికి కలిగిన లాభం వేరు: మంత్రగత్తెల జోస్యం ఇద్దరి చెవులా పడినది, కత్తి దూసినవాడు ఒక్కడే. రాజువవుతావని వారన్నారు గాని, చంపుమని అనలేదు.

హత్యకు ముందు మాక్బెత్ ఏకాంతంలో తనమీద తానే అభియోగం మోపుకొంటాడు. తాను బంధువు, సేవకుడు, ఆతిథ్యమిచ్చినవాడు; డంకన్ ఏ అపకారమూ ఎరుగనివాడు. చేయబోయే పనికి ఆకాంక్ష తప్ప వేరే ప్రేరణ తనకు లేదని తానే ఒప్పుకొంటాడు. ధర్మం తెలిసినా ఆచరించలేకపోయిన నేరాన్ని హృదయంలోని దేవుని మీద మోపినట్లు మనకు దుర్యోధనుని పేర ఒక మాట ప్రచారంలో ఉన్నది. మాక్బెత్ ఆ క్షణంలో అట్టి ఆసరా వెదకడు. అంత స్పష్టంగా చూచినవాడు భార్య ఎత్తిపొడుపులకు ఆగలేకపోవడమే ఇందలి భయంకరమైన విషయం.

అతని పతనం సింహాసనం పోవడంలో లేదు. తొలి హత్యానంతరం ప్రార్థన చివరి పవిత్రపదం అతని గొంతులో చిక్కుకొనిపోయినది. తలుపు చప్పుడుకే ఉలికిపడినాడు. బాంకోను చంపించడానికి కూలికి మనుషులను పెట్టినాడు. ఆ సంగతి భార్యకు చెప్పనైనా లేదు. తొలి నేరం ఆలోచననుండి ఆచరణదాకా కలిసి నడిచిన దంపతుల నడుమ తెర పడినది అక్కడనే. మాక్డఫ్ ఇంగ్లండుకు పారిపోయిన తరువాత అతని భార్యాబిడ్డలను చంపించడంలో రాజ్యలాభం రవ్వంతైనా లేదు. చివరి అంకంలో కోటలో స్త్రీల ఆక్రందన వినబడితే, తనకు భయం కలుగడం లేదని మాత్రం గమనించుకొంటాడు. పోయినది తన భార్యయే అని తెలిసినా కంట నీరు రాదు. అతడు పోగొట్టుకొన్న భయమంతా ఆమెకు సంక్రమించినది. కొద్దిపాటి నీటితో పాపం కడుగుకోవచ్చుననుకొన్న ఆ రాణియే నిద్రలో నడుస్తూ లేని మరకను తోముకొంటుంది. అక్కడ ఆమెకు పద్యం కూడ దక్కలేదు. కవి వచనంలోనే పలికించినాడు.

హిందీలో హరివంశరాయ్ బచ్చన్ అనువాదం 1957లో వెలువడినది. రఘువీర్ సహాయ్ అనువాదాన్ని బి. వి. కారంత్ 1979లో యక్షగాన ఫక్కిలో ‘బర్నం వన్’ పేర ప్రదర్శించినాడు. కదలివచ్చే అడవి రంగస్థలానికి గొప్ప దృశ్యమే. అయినా నాయకుని పేరు తీసి అడవి పేరు పెట్టడంతో శిక్ష బయటనుండి నడిచివచ్చినట్లు తోస్తుంది. నాటకంలో అది ఆ కోటలోనికి ఏనాడో వచ్చి కూర్చున్నది.

భార్య మరణవార్త విన్న ఘట్టంలో కరుణరసం పొంగించాలన్న కోరిక అనువాదకునికి సహజం. మూలంలో ఉన్నది శోకం కాదు, శోకించే శక్తి ఎండిపోయిన మనిషి పొడిమాటలు. అవి ముగిసీ ముగియకముందే అడవి కదలుతున్నదన్న వార్తతో దూత వస్తాడు. మాక్బెత్ కవచం ధరించి యుద్ధానికి వెళ్ళిపోతాడు.