పాదాలు కనిపించే ఫైటు

పాత కుంగ్‌ఫూ సినిమాలో నేను మొదట చూసేది పాదాలు. హీరో ముఖం, పిడికిలి, అరుపు అన్నీ తర్వాతే. 1970ల నాటి హాంకాంగ్ సినిమాలో కెమెరా మనిషిని తల నుంచి కాలి బొటనవేలి దాకా నిలువునా చూపిస్తుంది. ఎదుటివాణ్ణి కూడా అలాగే. ఎవరు ఎటు జరిగారో, ఏ కాలి మీద బరువు వేసి ఏ కాలు లేపారో, దెబ్బ ఎక్కడ పుట్టి ఎక్కడ తగిలిందో అంతా కళ్లముందే జరుగుతుంది. అంత నిజాయితీగా నేలను చూపించినవాడు ఆ తర్వాత ఇరవై అడుగుల గోడ మీదికి ఒక్క గెంతులో ఎక్కినా నేను నమ్ముతాను. సంతోషంగా నమ్ముతాను.

మా గూడూరుకి ఈ సినిమాలు మొదట మాటల్లో వచ్చాయి. మద్రాసు రెండు మూడు గంటల రైలు ప్రయాణం. సఫైర్‌లోనో దేవిలోనో ఇంగ్లీషు సినిమా చూసొచ్చిన అన్నలు వీధిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథ చెప్పేవాళ్లు. నిజానికి చెప్పేది కథ కాదు, ఫైటు మొత్తం ఆడి చూపించేవాళ్లు. 'ఎట్టా ఎగిరినాడో చూడరా' అంటూ అరుగు మీద నుంచి దూకేవాళ్లు. తర్వాత టౌన్లో మార్నింగ్ షోలు, ఆ తర్వాత అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్లు. బ్రూస్ లీ 1973 జులై 20న, 32 ఏళ్ల వయసుకే చనిపోయాడు. అతనికి ప్రపంచమంతా పేరు తెచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' విడుదలైంది ఆ తర్వాతే. మేం ఈలలు వేసిన వీరుడు అప్పటికే లేడు. సెలూన్ గోడల మీద మాత్రం చాలా ఏళ్లు ఉన్నాడు.

బ్రూస్ లీ అంటే గౌరవం. ప్రేమ మాత్రం నాకు అతని చుట్టూ ఉన్న మిగతా సినిమాల మీద. చదువుకున్నవాళ్లు 'మరీ అతి' అని పక్కన పెట్టేసినవి. జిమ్మీ వాంగ్ యూ తీసి నటించిన 'మాస్టర్ ఆఫ్ ది ఫ్లయింగ్ గిలటిన్' 1976 నాటిది. అందులో విలన్ గుడ్డి గురువు. అతని ఆయుధం గొలుసుకు కట్టిన టోపీ లాంటిది, లోపల కత్తులుంటాయి. విసిరితే ఎదుటివాడి తల మీద వాలి, గొలుసు లాగితే తల ఊడి వస్తుంది. హీరోకి ఒకటే చెయ్యి. మధ్యలో ఒక పెద్ద పోటీ, దానికి దేశదేశాల యోధులు వస్తారు. వాళ్లలో ఒక భారతీయ యోగి! ఒంటికి నల్లరంగు పూసుకున్న చైనా నటుడే. అతను ఊపిరి బిగిస్తే రెండు చేతులూ సాగి సాగి బారెడు, రెండు బారలు అవుతాయి. ఆ రంగు పూత ఇవాళ చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. ఆ చేతులు సాగడం మాత్రం మాకు ఏమాత్రం వింత కాదు. విఠలాచార్య సినిమాల్లో అంతకు మించినవి చూసిన వాళ్లం. 'జగన్మోహిని'లో దయ్యం తన కాళ్లనే కట్టెలుగా పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ సినిమా వచ్చిన 1978లోనే హాంకాంగ్‌లో 'ది 36త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్', 'డ్రంకెన్ మాస్టర్', 'ఫైవ్ డెడ్లీ వెనమ్స్' కూడా వచ్చాయి.

అందుకే, తెలుగు ప్రేక్షకుడికి కుంగ్‌ఫూ సినిమా చూడటం ఎవరూ నేర్పనక్కర్లేదు అంటాను. మా నెల్లూరు వైపు తోలుబొమ్మలాట చూసినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. రావణుడి బొమ్మా హనుమంతుడి బొమ్మా తెర మీద ఢీకొన్నప్పుడు ఆ ధడేల్ ధడేల్ చప్పుడు ఎక్కడిది? తెర వెనక ఆడించేవాళ్ల కాళ్ల కింది చెక్కలది. బొమ్మ దెబ్బ కొడుతుంది, మనిషి పాదం చప్పుడు చేస్తుంది. హాంకాంగ్ సినిమాలు కూడా చాలావరకు శబ్దం లేకుండా తీసి, మాటా దెబ్బా తర్వాత కలిపినవే. చెయ్యి ఊపితే ఈదురుగాలి మోత, చొక్కా విదిల్చితే కొరడా చప్పుడు. అది తెరవెనక చెక్కల మీద పడే పాదమే. సురభి వాళ్ల నాటకాల్లో బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. దారాలు ఉన్నాయని అందరికీ తెలుసు. చూడటానికి ఎవరూ మానలేదు. దారం తెలిసీ బాణాన్ని చూసి నోరు తెరిచేవాడు అమాయకుడు కాడు. వాడు ఆటకు ఒప్పుకున్నవాడు, మంచి ప్రేక్షకుడు.

చైనాలోనూ ఇదంతా నాటకం నుంచే వచ్చింది. జాకీ చాన్, సమ్మో హంగ్, యుయెన్ బియావ్ ముగ్గురూ హాంకాంగ్‌లో యూ జిమ్ యుయెన్ గురువు నడిపిన పెకింగ్ ఒపేరా బడిలో పిల్లలుగా చేరినవాళ్లే. పాట, మాట, వేషం, పల్టీ, కత్తి, కర్ర అన్నీ అక్కడే. చేతుల మీద తలకిందులుగా నిలబడి ఎంతసేపు ఉండగలరన్నది అక్కడి రోజువారీ పాఠం. ఆ నాటకంలో యుద్ధానికి తాళం ఉంటుంది. మూడు దెబ్బలు, ఒక ఆగుడు. రెండు దెబ్బలు, ఒక తిరుగుడు, మళ్లీ ఆగుడు. పాత కుంగ్‌ఫూ సినిమాలో యోధులు మధ్యలో హఠాత్తుగా శిల్పాల్లా బిగుసుకుని నిలబడతారే, అది ఆ దరువు. మన వీధినాటకం చూసి పెరిగిన చెవికి ఆ ఆగుడు ఎందుకో వెంటనే అర్థమవుతుంది. భాష తెలియని సినిమాకి హాలంతా ఒకేసారి చప్పట్లు కొట్టడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఇక అసలు విషయం. ఈ అతి అంతా దేని మీద నిలబడింది? సాధన మీద. దీన్ని 'ది 36త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్' చెప్పినంత బాగా మరే సినిమా చెప్పలేదు. దర్శకుడు లౌ కార్ లియుంగ్‌కి గురువు సొంత తండ్రి లౌ చామ్. ఆయన గురువు లామ్ సాయి వింగ్. ఆయన గురువు వాంగ్ ఫీ హుంగ్, దక్షిణ చైనాలో పేరుమోసిన వైద్యుడు, యోధుడు. 1949 నుంచి ఆ ఒక్కడి మీదే డెబ్భైకి పైగా సినిమాలు వచ్చాయి. అంటే ఈ దర్శకుడు గురుపరంపరలో వచ్చినవాడు. తెర మీద విద్యను తప్పుగా చూపిస్తే అతనికి ఇంట్లో వాళ్లకే జవాబు చెప్పుకోవాలి. హీరో గోర్డన్ లియు ఆ కుటుంబం చేరదీసుకున్న శిష్యుడే.

కథ ఎంతో లేదు. దొరల దౌర్జన్యానికి అయినవాళ్లను పోగొట్టుకున్న కుర్రాడు షావోలిన్ మఠానికి చేరతాడు, అక్కడ శాన్ టే అవుతాడు. మఠంలో ముప్పై అయిదు గదులు. తొందరపడి అన్నిటికన్నా పై గదికి పోతే అక్కడి వృద్ధులు ఒక్క చూపుతోనే విసిరేస్తారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మొదటి పాఠం అన్నం దగ్గర. భోజనశాలకు దారిలో నీళ్లు, నీళ్లలో తేలే దుంగలు. వాటి మీద కాలు ఆన్చి అవతలికి గెంతాలి. శాన్ టే పడతాడు, తడుస్తాడు, ఆ పూట తిండి పోతుంది. రాత్రి ఎవరూ లేనప్పుడు వచ్చి మళ్లీ గెంతుతాడు. తర్వాత నీళ్ల బకెట్లు. రెండు చేతులూ పక్కలకు బారచాపి మోయాలి. జబ్బలకు కత్తులు కట్టి ఉంటాయి, చెయ్యి కిందికి వాలిందా మొన పక్కటెముకల్లో దిగుతుంది. ఆపైన పొడుగాటి గెడ చివర బరువు కట్టి గంట కొట్టడం, మణికట్టు కోసం. వేలాడే ఇసుక బస్తాలను తలతో కొట్టుకుంటూ పోవడం. ఇలా సినిమాలో సగానికి దగ్గరగా శత్రువే ఉండడు. ఉన్నది శరీరమూ దాని మొండితనమూ. అయినా హాల్లో ఒక్కడు కదలడు.

గూడూరులో ఈ భాగాలకు ఎవరు ఎక్కువ మురిసిపోయారో నాకు తెలుసు. నేల టికెట్టు వాళ్లు. మార్కెట్టులో నిమ్మకాయ బస్తాలు ఎత్తి లారీల్లో వేసేవాళ్లు, సైదాపురం వైపు అభ్రకం గనుల్లో పనిచేసి వచ్చినవాళ్లు. బరువు మోసే భుజం ఎప్పుడు వణుకుతుందో, వణికినా దింపకూడని క్షణం ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. గాల్లో ఎగరడం అబద్ధమని వాళ్లకూ తెలుసు. ఆ బకెట్లు మాత్రం నిజం. బకెట్ల నిజాన్ని చూసి ఎగరడాన్ని మన్నించారు అనడం కూడా తక్కువే. అంత మోసినవాడు ఎగరాలి కదా అనుకున్నారు. కష్టానికి తగిన ఫలం లోకంలో దొరకదు, అక్కడ దొరికింది.

'డ్రంకెన్ మాస్టర్' కూడా అంతే. జాకీ చాన్‌ని తలకిందులుగా వేలాడదీసి, చిన్న గిన్నెలతో కింది నీళ్లు తీసి పైనున్న బకెట్ నింపమంటాడు గురువు. ఆ గురువు వేషం వేసినది దర్శకుడు యుయెన్ వూ పింగ్ సొంత తండ్రి. కొడుకు దర్శకత్వంలో ముసలి తండ్రి తాగుబోతు గురువుగా తూలుతూ కొట్టే దెబ్బల్లోని లాఘవం నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఇక్కడ ఒక మాట. షావోలిన్‌కి విద్య నేర్పింది మన కంచి రాజకుమారుడు బోధిధర్ముడేనని, కుంగ్‌ఫూ మనదేనని చాలామంది గర్వంగా చెబుతారు. 2011లో సూర్య సినిమా 'సెవెన్త్ సెన్స్' వచ్చాక ఆ మాట మరీ పెరిగింది. బోధిధర్ముణ్ణి యుద్ధవిద్యతో ముడిపెట్టే కథ 17వ శతాబ్దపు పుస్తకం నుంచి మొదలైందని చరిత్రకారులు చెబుతారు. ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాతి మాట అది. నాకు ఆ వాటా అక్కర్లేదు. పరాయివాడి విద్యను పరాయివాడిదిగానే ప్రేమించగలగడం చిన్న విషయమేం కాదు.

ఆ ప్రేమ తెలుగు సినిమాలోకీ వచ్చింది. కరాటే నేర్చిన సుమన్, భానుచందర్ హీరోలయ్యారు. 1983లో 'ఇద్దరు కిలాడీలు', మరుసటేడు 'మెరుపు దాడి'లో ఇద్దరూ కలిసి నటించారు. భానుచందర్ కాలు తల ఎత్తుకి లేస్తుంటే మావాళ్లు ఊగిపోయారు. పవన్ కల్యాణ్ మద్రాసులో షిహాన్ హుస్సేనీ దగ్గర కరాటే నేర్చుకుని, మొదటి సినిమాలోనే ఆ విద్య చూపించాడు. చిన్న చిన్న ఊళ్లలో సైతం తెల్లబట్టలు వేసుకున్న పిల్లలు బడి మైదానాల్లో వరసలు కట్టారు.

మరి ఇప్పుడు? మన సినిమాల్లో అతికి కొరత లేదు. హీరో ఒక్క గుద్దు గుద్దితే పదిమంది లేచి పడతారు. ఆ గుద్దును మాత్రం నేను చూడలేదు. భుజం ఒక షాట్, పిడికిలి ఒక షాట్, ఎగిరే మనిషి మరో షాట్. ఒక్కోటి రెప్పపాటు కూడా ఉండదు. రోప్ కట్టి లాగిన ఫైటర్ గోడకు గుద్దుకున్నప్పుడు అతని వీపుకు తగిలిన దెబ్బ నిజం. ఆ నిజాన్ని కూడా ఎడిటింగ్ కోసేస్తోంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. రాజమౌళి లాంటివాళ్లు వేరు. 'ఆర్ఆర్ఆర్'లో భీమ్ భుజాల మీద రామ్ కూర్చుని తుపాకులు పేల్చడం ఎంత అతో అంత స్పష్టం, ఎవరి బరువు ఎవరి మీద ఉందో కనిపిస్తుంది. కారంచేడు నుంచి వచ్చిన రామ్ లక్ష్మణ్ మాస్టర్ల లాంటివాళ్లు మనకున్నారు, దెబ్బ విలువ తెలిసిన ఫైటర్లు వందల మంది ఉన్నారు. వాళ్లకు కావలసింది వెనక్కి జరిగిన కెమెరా, ఒక్క పది సెకన్లు కోత లేని షాటు, టైటిల్స్‌లో ఒక్కొక్కరి పేరు. ఫైటు కూర్చేవాళ్లకు జాతీయ సినిమా అవార్డు మొదటిసారి ఇచ్చింది 2016 సినిమాలకు, మలయాళ 'పులిమురుగన్'కి పీటర్ హెయిన్ అందుకున్నాడు. దేశం అంత ఆలస్యంగా గుర్తించిన పని ఇది.

ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే, ఒక ఆదివారం 'ది 36త్ ఛాంబర్' పెట్టండి. తర్వాత 'డ్రంకెన్ మాస్టర్'. ఆ రెండూ చూశాకే ఎగిరే గిలటిన్. శాన్ టే ముప్పై అయిదు గదులూ పూర్తి చేశాక పెద్దలు అతనికి కావలసిన గదికి అధిపతిగా ఉండమంటారు. అతను ఉన్న గది అడగడు, ముప్పై ఆరోది అడుగుతాడు. మఠం గోడల బయట, మామూలు జనానికి విద్య నేర్పే గది. పెద్దలు మండిపడి మఠం నుంచి పంపేస్తారు. అతను ఊళ్లోకి పోయి కూలీలనూ, బతుకుతెరువు వెతుక్కునే కుర్రాళ్లనూ పోగుచేస్తాడు. అక్కడి నుంచి సినిమా ఇంకా కొంత ఉంది, మధ్యలో లేవనివ్వకండి.