సీసపెంకుల ఓడ

తవ్వకాల్లో కుండపెంకులు గంపలకొద్దీ దొరుకుతాయి. గాజు మాత్రం గుప్పెడే. తొలి ఇస్లామీ కాలంలో ఇరాక్, సిరియా, ఈజిప్టు బట్టీలు అంత గాజు ఊదితే అదంతా ఏమైనట్టు?

జవాబు కావాలంటే హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట గల్లీల్లో కబాడీ బండి వెనక కాసేపు నడవండి. పగలని సీసాకు ఒక రేటు, పెంకులకు కిలో లెక్క. కొందరు పెంకులు ముట్టనే ముట్టరు, చేతులు కోసుకుంటాయని. అయినా ఎక్కడో ఒకచోట అవి బట్టీకి చేరతాయి. పాత గాజు కలిపితే కొత్తది తక్కువ వేడికే కరుగుతుంది. 9వ శతాబ్దానికి ఈజిప్టు నాట్రాన్ (గాజు కరగడానికి కలిపే సహజ సోడా) కరువై, ఉప్పునేల మొక్కల్ని కాల్చిన బూడిద వాడాల్సి వచ్చిన పనివాళ్లకు కట్టెలూ బూడిదా రెండూ ఖర్చే. పెంకు దొరికితే వదులుతారా?

వదల్లేదనడానికి ఒక ఓడే సాక్ష్యం. రోడ్స్ దీవికి ఎదురుగా, టర్కీ తీరంలోని సెర్చె లిమానీలో 1025 ప్రాంతంలో మునిగిన ఆ ఓడను పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ బాస్ బృందం 1977–79లో వెలికితీసింది. అందులో గాజు మూడు టన్నులు. రెండు టన్నులు ముడి గాజు ముద్దలు, ఒక టన్ను పగిలిన పాత్రలు, బట్టీల దగ్గర మిగిలిన తుక్కు. అంటే సముద్రం మీద కబాడీ! ఓడ కాలాన్ని పట్టిచ్చిందీ గాజే: తూకానికి వాడిన, ఈజిప్టు ఫాతిమీ ఖలీఫాల నాటి గాజు బిళ్లలు. లక్షల ముక్కల్ని ఏళ్ల తరబడి ఏరి, అతికించిన పాత్రలు ఇప్పుడు బోద్రుమ్ మ్యూజియంలో ఉన్నాయి. పగలని గాజూ అక్కడక్కడా దొరక్కపోలేదు: చైనాలో ఫామెన్ గుడి నేలమాళిగలో 874లో మూసిపెట్టిన ఇస్లామీ గాజు పళ్లేలు 1987లో చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. అందం వాటిదే, ఒప్పుకుంటాను. నా మనసు మాత్రం ఆ తుక్కు మీదే.

అలాంటి తుక్కే దొరికిన మరో చోటికి దారి మన హైదరాబాద్ నుంచే ఉంది. చాంద్రాయణగుట్ట పక్కనున్న బార్కాస్ అరబ్బుల పెద్దలది యెమెన్‌లోని హద్రమౌత్. నిజాం ఫౌజులో జమాదార్లుగా ఎదిగిన అల్-ఖుఐతీలు 1867లో అక్కడి షిహర్ రేవును గెలుచుకున్నారు. షిహర్‌కు తూర్పున షర్మా అని ఒక పాత సరుకుల మజిలీ ఉంది. 980 ప్రాంతంలో మొదలై 12వ శతాబ్దంలో పాడుబడింది. పురావస్తు శాస్త్రవేత్త ఆక్సెల్ రూజ్యూల్ అక్కడ తవ్వించినప్పుడు చైనా పింగాణీతోపాటు గాజు పెంకులూ బయటపడ్డాయి. అవి బట్టీదాకా పోకుండా మిగిలిపోయినవి. అలా మిగిలినవాటిని లెక్కబెట్టి, ఫలానా రేవులో గాజు వాడకం ఇంతే అని తేల్చే వ్యాసాలను నేను కొంచెం అనుమానంగానే చదువుతాను. కబాడీవాడు తూచి తీసుకుపోయింది వాటి లెక్కలోకి రాదు కదా.