వాట్సన్ ప్రవర్తనావాదం – విమర్శనాత్మక పరిశీలన

మనస్సు, దేహం రెండు వేర్వేరు ద్రవ్యాలని డెకార్ట్ ప్రతిపాదించాడు. స్థలాన్ని ఆక్రమించని మనస్సు, స్థలాన్ని ఆక్రమించే దేహాన్ని ఎలా కదిలించగలదని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో ఆయనను లేఖ ద్వారా ప్రశ్నించింది. డెకార్ట్ సమాధానాలు ఆమెను తృప్తిపరచలేదు. 1913లో జె.బి. వాట్సన్ వేరే మార్గం చూపాడు. మనోవిజ్ఞానశాస్త్రం చైతన్యాన్ని వదిలి, ప్రవర్తనను మాత్రమే అధ్యయనం చేయాలన్నాడు. ఈ మార్గం మనోదేహ సమస్యను పరిష్కరించిందా, లేక పక్కకు నెట్టిందా?

ముందుగా వాట్సన్ వాదంలోని బలాన్ని గుర్తించాలి. అప్పటి మనోవిజ్ఞానశాస్త్రానికి అంతఃపరిశీలన ప్రధాన పద్ధతి. జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో క్యూల్పే బృందం, ప్రతిమలు లేని ఆలోచనలు ఉన్నాయని చెప్పింది. అమెరికాలోని కార్నెల్‌లో టిచెనర్ ఆ నిర్ణయాన్ని అంగీకరించలేదు. ఎవరి మాట సరైనదో తేల్చడానికి మూడో వ్యక్తికి దారి లేకపోయింది. శాస్త్రంలో ఒకరి ఫలితాన్ని మరొకరు సరిచూడగలగాలి. ఈ నియమాన్ని మనోవిజ్ఞానశాస్త్రంలో గట్టిగా నిలబెట్టడం వాట్సన్ చేసిన మేలు.

అయితే ఆయన అక్కడ ఆగలేదు. ‘ఇతరులు సరిచూడగల ప్రవర్తననే ఆధారంగా తీసుకోవాలి’ అనేది పద్ధతికి సంబంధించిన నియమం. ‘ప్రవర్తన తప్ప మనస్సు అంటూ ఏదీ లేదు’ అనేది ఏది ఉంది, ఏది లేదు అనే విషయంపై చేసిన ప్రతిపాదన. మొదటిదాన్ని అంగీకరించినంత మాత్రాన రెండోది రుజువు కాదు. త్రాసులో వాసనను తూచలేం కనుక వాసన లేదని ఎవరూ అనరు. వాట్సన్ మాత్రం ఆలోచన అంటే బయటికి వినిపించని మాటేనని, స్వరపేటికలోనూ ఇతర కండరాల్లోనూ జరిగే సూక్ష్మమైన కదలికలేనని వివరించాడు.

ఈ వివరణకు పరీక్ష వైద్యరంగంలో ఎదురైంది. 1942లో మాంట్రియల్‌లో గ్రిఫిత్, జాన్సన్ శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి క్యూరారే మందును వాడారు. ఈ మందు స్పృహను కూడా పోగొడుతుందా అనే సందేహం కలిగింది. అమెరికన్ మత్తువైద్యుడు స్కాట్ స్మిత్ దానిని తన శరీరంలోకే ఎక్కించుకున్నాడు. కండరాలన్నీ స్తంభించగా, కృత్రిమ శ్వాసతో ఆయన ప్రాణం నిలిపారు. తనకు స్పృహ తప్పలేదని, ఆలోచన ఆగలేదని తేరుకున్నాక ఆయన చెప్పాడు. చుట్టూ జరిగిన విషయాలపై ఆయన చెప్పిన వివరాలు అక్కడున్నవారి పరిశీలనతో సరిపోయాయి. ఈ ఫలితాలు 1947లో ప్రచురితమయ్యాయి. కండరాల కదలికే ఆలోచన అయితే, ఆ సమయంలో స్మిత్‌కు ఆలోచనే ఉండకూడదు.

‘స్మిత్ తర్వాత చెప్పిన మాట కూడా ప్రవర్తనే కదా’ అని వాట్సన్ పక్షాన వాదించవచ్చు. నిజమే. కానీ ఆ మాటకు విలువ, ప్రవర్తన ఏదీ కనిపించని సమయంలో జరిగిన అనుభవాన్ని అది తెలిపినందువల్లే వచ్చింది. పైగా దానిని ఇతరులు సరిచూడగలిగారు. అంటే శాస్త్రీయ నియమాన్ని పాటిస్తూనే, అనుభవం గురించి వ్యక్తి చెప్పే మాటను ఆధారంగా తీసుకోవచ్చు.

ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. నొప్పి అంటే మూలగడం, ముడుచుకోవడం మాత్రమే అనుకుంటే, కదలలేని రోగికి నొప్పి లేదని నిర్ణయించాల్సి వస్తుంది. అందుకే నేడు కండరాలను సడలించే మందు ఇచ్చి శస్త్రచికిత్స చేసేటప్పుడు స్పృహ పోవడానికి వేరే మందు ఇస్తారు.

అయితే ఈ ప్రయోగం డెకార్ట్ ద్వైతవాదాన్ని రుజువు చేస్తుందని పొరబడకూడదు. స్మిత్ కండరాలు స్తంభించాయి గాని మెదడు పనిచేస్తూనే ఉంది. మెరుపు అంటే విద్యుత్ విడుదలే అయినట్లు, చైతన్యం కూడా మెదడులో జరిగే ప్రక్రియే కావచ్చని 1956లో యు.టి. ప్లేస్ వాదించాడు. ఆ వాదానికీ ఈ ఫలితానికీ వైరుధ్యం లేదు.

కాబట్టి వాట్సన్ మనోవిజ్ఞానశాస్త్రానికి ఇచ్చిన నియమాన్ని ఉంచుకోవచ్చు. దాని నుంచి ఆయన తీసిన ముగింపును అంగీకరించనవసరం లేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ‘మెదడు స్కానింగ్‌లో కనిపించనిది మనస్సులో లేనట్లే’ అనే వాక్యం పద్ధతికి సంబంధించిన నియమమా, ఏది ఉందో చెప్పే ప్రతిపాదనా? కారణాలతో వివరించండి.