తనిఖీదారు ఎవరి మనిషి? సౌదీ నిర్మాణాలలో స్వతంత్ర నాణ్యతా పరీక్ష

భవనాల నాణ్యత అనగానే మనకు ప్రయోగశాలలు, యంత్రాలు, అంకెలు స్ఫురిస్తాయి. అయితే వాటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు రెండు: పరీక్షించేవాడిని నియమించినది ఎవరు? అతడి నివేదిక మొదట ఎవరి చేతికి చేరుతుంది? వైద్యంలో ఈ చిక్కుకు పాత పరిష్కారమే ఉంది. తాను తొలగించిన కణితి అంచుల్లో వ్యాధి మిగిలిందో లేదో శస్త్రవైద్యుడు తానే తేల్చడు. ఆ ముక్క పాథాలజిస్టు బల్ల మీదికి వెళుతుంది. ఎంత నిపుణుడైనా తన పనికి తానే తీర్పరి కాలేడన్న ఎరుక ఆ ఏర్పాటుకు మూలం.

ఈ దృష్టితో సౌదీ అరేబియా అనుభవం పరిశీలించదగినది. 1970ల చమురు సంపదతో ఆ దేశపు తూర్పు తీరంలో హడావిడిగా లేచిన కాంక్రీటు కట్టడాలు అనేకం పది పదిహేనేళ్లకే పగుళ్లిచ్చి, పెచ్చులూడాయి. దహ్రాన్‌లోని కింగ్ ఫహద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ శైథిల్యాన్ని విస్తృతంగా అధ్యయనం చేశారు. ప్రధాన కారణం లోపలి ఇనుప కడ్డీల తుప్పు. ఉప్పు కలిసిన ఇసుక, కంకర, నీరు, సబ్ఖా అని పిలిచే చవుడు నేల, మండుటెండ, కడ్డీల మీద చాలినంత మందం లేని కాంక్రీటు పొర – ఇవన్నీ ఆ తుప్పును పెంచి పోషించినవే. గృహప్రవేశం నాటికి వీటిలో ఒక్కటీ కంటికి కనబడదు. మధుమేహంలాగే ఏళ్ల తరబడి లోలోపల పనిచేసి ఆనక బయటపడతాయి.

ఆ తర్వాతి దశాబ్దాల్లో వ్యవస్థ రూపుకట్టింది. సౌదీ నిర్మాణ నియమావళి తొలిసారి 2007లో వెలువడింది. సవరించిన కూర్పు 2018లో వచ్చింది. అదే ఏడాది మంత్రిమండలి 509వ తీర్మానం ద్వారా ప్రైవేటు కట్టడాలకు అంతర్గత లోపాల బీమాను తప్పనిసరి చేసింది. భవనం వినియోగంలోకి వచ్చాక పదేళ్ల పాటు దాని నిర్మాణ లోపాలకు ఈ బీమా పూచీ పడుతుంది. అందుకోసం స్వతంత్ర సాంకేతిక తనిఖీ సంస్థ నక్షా దశ నుంచి పరిశీలిస్తుంది. దీనికి పూర్వరూపం ఫ్రాన్సులో ఉంది. అక్కడి 1978 నాటి స్పినెత్తా చట్టం నిర్మాణ బీమాను తప్పనిసరి చేయడమే కాక, సాంకేతిక తనిఖీదారు రూపకల్పనలో గాని నిర్మాణంలో గాని పాల్గొనరాదని నిషేధించింది.

ఈ పద్ధతిలోని వివేకాన్ని మెచ్చుకోవాలి. లోపం బయటపడితే పరిహారం చెల్లించవలసినది బీమా సంస్థ. కనుక నిజం తెలుసుకోవడం దానికే లాభం. నీతిబోధ కన్నా ఇది గట్టి కట్టుబాటు. అయినా ఇందులో రెండు ఖాళీలు కనిపిస్తున్నాయి.

మొదటిది, ప్రభుత్వ నిర్మాణాలు ఈ నిబంధన వెలుపల ఉండటం. ప్రభుత్వమే యజమాని అయినంత మాత్రాన నాణ్యత దానంతట రాదు. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబరులో కుంగినప్పుడు, జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ ఎత్తిచూపిన లోపాల్లో నాణ్యతా నియంత్రణ కూడా ఉంది.

రెండవది ఇంకా లోతైనది. బీమా పూచీ భవనం పూర్తయ్యాక మొదలవుతుంది. కట్టేవారి ప్రాణాలు అంతకు ముందే పోవచ్చు. 2014 జూన్ 28న చెన్నై సమీపంలోని మౌలివాక్కంలో, ఇంకా నిర్మాణంలోనే ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. వారిలో చాలామంది ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కూలీలు.

తనిఖీదారు వచ్చేది కొన్ని రోజులే. శ్లాబు పోయడం కొన్ని గంటల్లో ముగుస్తుంది. కడ్డీలు ఎలా ఉన్నాయో ఆ తర్వాత ఎవరికీ కనబడదు. ఎండకు బిగుసుకుపోతున్న మిశ్రమంలో అదనంగా నీళ్లు పోస్తే పని సులువవుతుంది, బలం తగ్గుతుంది. నీళ్లు కలపకముందే క్యూబులు తీసి ఉంటే 28వ రోజు పరీక్షలో అవి నిక్షేపంగా నెగ్గుతాయి. జరిగినది ఎరిగినవాడు ఒక్కడే, పారపట్టిన కూలీ. సౌదీలో అతడు కరీంనగర్ వాడో, నిజామాబాద్ వాడో, కడప వాడో కావచ్చు. 2021 సంస్కరణలు ఉద్యోగం మారడాన్ని కొంత సులభం చేసినా, అప్పు చేసి విమానమెక్కినవాడు యజమాని తప్పును నోరు తెరిచి చెప్పగలడా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రవేశపెట్టిన శస్త్రచికిత్సా భద్రతా పట్టికలో ఒక చిన్న నియమం ఉంది: కోత పెట్టేముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, పాత్ర చెప్పాలి. ఒకసారి గొంతు విప్పినవారికి పొరపాటు కనిపించినప్పుడు మళ్లీ మాట్లాడటం తేలికవుతుందన్నది దాని తర్కం. నిర్మాణరంగంలో బ్రిటన్ 2005 నుంచి క్రాస్ అనే గోప్య నివేదన వ్యవస్థను నడుపుతోంది. చెప్పినవారి పేరు బయటపెట్టకుండా పాఠాన్ని మాత్రం ప్రచురిస్తుంది. సౌదీ తనిఖీ వ్యవస్థకు అటువంటి ద్వారం కావాలి. అది అరబ్బీ, ఇంగ్లీషులతో ఆగకుండా ఉర్దూ, బెంగాలీ, తెలుగు మాటలను కూడా వినగలగాలి.

గల్ఫ్ నిర్మాణ సంస్థల్లో ఇంజనీర్లుగా, తనిఖీ అధికారులుగా పనిచేస్తున్న తెలుగువారు తక్కువేమీ కాదు. చట్టం మారేవరకూ వారు ఆగనక్కరలేదు. శ్లాబు పోసేముందు సెంట్రింగ్ మీద నిలబడి, కడ్డీలు కట్టిన మనిషిని అతడి భాషలో "ఇక్కడ నీకేమైనా తేడాగా అనిపించిందా?" అని అడిగి, చెప్పిన జవాబును అతడి పేరు లేకుండా తనిఖీ పుస్తకంలో రాసుకోవచ్చు. ఆ ఒక్క పంక్తి ఏ క్యూబు పరీక్షకూ అందని సాక్ష్యం.